స్కూల్ మాస్టారు.. ఇండియా ఫుట్‌బాల్‌కు రెండు ఏషియన్ గోల్డ్‌లు తెచ్చారు: హైదరాబాద్ రహీం సాబ్ కథ ఇదీ

ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ గెలిచింది రెండే రెండు సార్లు. 1951లో ఢిల్లీలో ఒకసారి, 1962లో జకార్తాలో ఇంకోసారి. ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది ఒక్కసారే, అది 1956లో మెల్‌బోర్న్‌లో. ఈ మూడు సార్లూ టీమ్ వెనక ఉన్న కోచ్ ఒక్కరే. ఆయన మన హైదరాబాద్ వాసి. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ప్లేయర్లంతా రహీం సాబ్ అని పిలిచేవారు.

ఇప్పుడు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల.. ఏ ఊరి గ్రౌండ్‌కు వెళ్లినా సాయంత్రం పూట ఎక్కువగా కనపడేది క్రికెట్టే. ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో రీల్స్ గుర్తొస్తాయి. కానీ ఒకప్పుడు ఆసియాలో ఇండియాను చూసి మిగతా టీమ్‌లు భయపడే రోజులు ఉండేవి. ఆ టీమ్‌లో సగం దాకా హైదరాబాద్ కుర్రాళ్లే ఉన్న సందర్భాలూ ఉన్నాయి. వాళ్లను తయారుచేసింది పెద్ద ఫారిన్ కోచ్ కాదు. స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఆటలు నేర్పిన ఒక మాస్టారు.

పాఠాల నుంచి గ్రౌండ్‌కు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో బీఏ చదివారు. చదువుకునే రోజుల్లోనే యూనివర్సిటీ టీమ్‌కు ఆడారు. ఆ తర్వాత ఉస్మానియా పాత, కొత్త స్టూడెంట్లు కలిసి పెట్టుకున్న ఎలెవెన్ హంటర్స్ టీమ్‌లో, లోకల్ లీగ్‌లో మంచి పేరున్న ఖమర్ క్లబ్‌లో కూడా ఆడారు.

ఆట మీద ఎంత ఇష్టమున్నా ఇల్లు గడవాలంటే ఉద్యోగం కావాలి కదా. రహీం టీచర్ అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇలా హైదరాబాద్‌లోని చాలా స్కూళ్లలో పనిచేశారు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశారు. అక్కడి నుంచి ఆయన రూట్ మారిపోయింది. మన ఊళ్లలో డ్రిల్లు సారు అంటారే, ఆ పని ఆయనది. పిల్లలను వరుసలో నిలబెట్టడం, పరిగెత్తించడం, బాల్ ఇచ్చి ఆడించడం.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. స్కూల్ టీచర్‌గా పనిచేసిన అనుభవమే ఆయనను వేరే కోచ్‌ల నుంచి వేరు చేసింది. క్లాసులో ఒక్కో పిల్లాడికి ఒక్కోలా చెప్పాలి. ఒకడికి తిట్టు పనిచేస్తుంది, ఇంకొకడికి మెచ్చుకోలు. రహీం టీమ్‌ను కూడా అలాగే చూశారు. ఆయన దగ్గర ఆడినవాళ్లంతా తర్వాత చెప్పింది ఒకటే.. ఆయన మాట మెల్లగా ఉండేది, కానీ దాన్ని దాటే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. లీగ్ నడపడం, గ్రౌండ్‌లు చూసుకోవడం, చిన్న పిల్లలకు టోర్నమెంట్లు పెట్టడం.. అన్నీ ఆయన నెత్తిన వేసుకున్నారు.

పోలీస్ టీమ్.. వరసగా ఐదు కప్పులు

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కు కోచ్ అయ్యారు. రెండేళ్ల కిందటే, అంటే 1948లో, పోలీస్ యాక్షన్‌తో హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసింది. ఊరంతా ఇంకా ఆ గందరగోళం నుంచి తేరుకుంటున్న టైమ్ అది. అలాంటప్పుడు ఈ టీమ్ దేశమంతా తిరిగి కప్పులు తేవడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో ఐఎస్ఎల్ లేదు, ఐలీగ్ లేదు. దేశంలో పెద్ద టోర్నమెంట్లు అంటే కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్, బొంబాయిలో రోవర్స్ కప్, ఢిల్లీలో డ్యురాండ్ కప్. వీటిలో రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. అవును, వరసగా ఐదు! బొంబాయికి వెళ్లడం, కప్పు పట్టుకుని రావడం వాళ్లకు ఏటా జరిగే పనైపోయింది.

1950లోనే డ్యురాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కప్పు మళ్లీ మొదలైంది ఆ ఏడాదే. మోహన్ బగాన్ అంటే మాటలు కాదు. దేశంలో ఫుట్‌బాల్ అంటే బెంగాల్ అనుకునే రోజులవి. ఒక పోలీస్ టీమ్, అదీ దక్కన్ నుంచి వచ్చిన టీమ్, వాళ్లను పడగొట్టడం అప్పట్లో పెద్ద వార్త.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ లాంటి ప్లేయర్లు ఈ పోలీస్ టీమ్ నుంచే ఇండియా జెర్సీ వేసుకున్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ టీమే ఆంధ్రప్రదేశ్ పోలీస్ టీమ్‌గా మారింది. పేరు మారినా కోచ్ మారలేదు. రహీం చనిపోయేదాకా ఆ టీమ్‌తోనే ఉన్నారు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ టీమ్ 1956-57లో, 1957-58లో వరసగా రెండుసార్లు గెలిచింది. రెండు సార్లూ కోచ్ రహీమే.

వట్టి కాళ్లతో గోల్డ్.. ఆ వెంటనే పెద్ద దెబ్బ

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఇండియా టీమ్‌కు కోచ్ రహీం, కెప్టెన్ బెంగాల్‌కు చెందిన శైలేన్ మన్నా. ఇండోనేషియాను 3-0తో, అఫ్గానిస్థాన్‌ను 3-0తో ఓడించి ఫైనల్‌కు వెళ్లారు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచారు. గోల్ కొట్టింది సాహు మేవాలాల్. ప్రధాని నెహ్రూ స్టేడియంలో కూర్చుని ఆ మ్యాచ్ చూశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు కూడా నిండని టైమ్‌లో ఆసియా చాంపియన్ అనే పేరు వచ్చింది.

కానీ అసలు పరీక్ష తర్వాతి ఏడాది ఎదురైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్. మన ప్లేయర్లలో చాలామందికి బూట్లు వేసుకుని ఆడే అలవాటు లేదు. ఎండలో, ఎండిన నేల మీద వట్టి కాళ్లతో ఆడటమే తెలుసు. కానీ అది ఫిన్లాండ్. చలి, తడి గ్రౌండ్. ఎదురుగా యుగోస్లావియా. రిజల్ట్.. 10-1. మన తరఫున అహ్మద్ ఖాన్ కొట్టిన ఒక్క గోల్ తప్ప చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ యుగోస్లావియా అదే ఒలింపిక్స్‌లో సిల్వర్ గెలిచింది, అది వేరే సంగతి.

ఇంత ఘోరంగా ఓడితే మామూలుగా కోచ్ ఇంటికి పోతాడు. రహీం మాత్రం ఆ ఓటమిలో ఏం తప్పు జరిగిందో లెక్క తీశారు. వట్టి కాళ్ల ఆట ఇక నడవదని తేలిపోయింది. ఆ తర్వాతే ఇండియా ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ట్రైనింగ్ ఎలా ఉండేదంటే..

ఇప్పుడు కోచింగ్ అంటే ల్యాప్‌టాప్, వీడియో ఎనాలిసిస్, జీపీఎస్ జాకెట్. రహీం దగ్గర ఇవేవీ లేవు. ఉన్నవి ఒక బాల్, ఒక గ్రౌండ్, ఒక బుర్ర. దాంతోనే ఆయన చేసిన ప్రయోగాలు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు. మన దగ్గర బాల్ దొరికితే చాలు, ఒక్కడే నలుగురిని తప్పించుకుని పోవాలని చూస్తాడు. జనం చప్పట్లు కొడతారు, కానీ టీమ్ ఓడిపోతుంది. అందుకే రహీం డ్రిబ్లింగే చేయకూడదని రూల్ పెట్టి ఆడించేవారు. బాల్ వచ్చిందా.. వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. అంటే బాల్ రాకముందే ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకుని ఉండాలి. తల పైకెత్తి ఆడటం అలా అలవాటవుతుంది.

రెండోది, బలం లేని కాలితో ఆడే టోర్నమెంట్లు. కుడి కాలి ప్లేయర్ ఎడమ కాలితోనే బాల్ కొట్టాలి. ఎడమ కాలివాడు కుడి కాలితో కొట్టాలి. మొదట్లో అందరూ నవ్వుకునేవారు. కొన్నాళ్లు పోయాక చూస్తే రెండు కాళ్లూ పనిచేసేవి. డిఫెండర్‌కు ఏ వైపు ఆపాలో అర్థమయ్యేది కాదు.

మూడోది, ప్లేయర్ల పొజిషన్లు. అప్పట్లో చాలా టీమ్‌లు ఐదుగురు ఫార్వర్డ్‌లను ముందు నిలబెట్టి ఆడేవి. సెంటర్ ఫార్వర్డ్ అంటే గోల్ దగ్గరే కాచుకుని ఉండాలి. రహీం ఆ సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగారు. దాంతో ఏమయ్యేదంటే.. అతన్ని పట్టుకోవడానికి ఎదుటి టీమ్ డిఫెండర్ ముందుకు రావాలి. వస్తే వెనక ఖాళీ. రాకపోతే మనవాడు ఫ్రీ. ఎటు చూసినా లాభం మనకే. ఇదే ఐడియాతో హంగరీ టీమ్ 1953లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తు చేసింది. యూరప్‌లో ఏం జరుగుతోందో హైదరాబాద్‌లో కూర్చుని పట్టుకుని, దాన్ని మన ప్లేయర్లకు సరిపోయేలా మార్చుకున్నారు రహీం. 1958 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ ఆడాక ప్రపంచమంతా మాట్లాడుకున్న 4-2-4 పద్ధతిని కూడా ఇండియాలో ముందే ఆడించిన కోచ్‌గా ఆయనకు పేరుంది.

సైకిల్ అద్దె ఇచ్చి తెచ్చుకున్న స్టార్

రహీం టాలెంట్‌ను ఎలా పట్టేవారో చెప్పడానికి తులసీదాస్ బలరాం కథ ఒక్కటి చాలు.

బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు. లోకల్ మ్యాచ్‌లో అతని ఆట రహీం కంట్లో పడింది. హైదరాబాద్ టీమ్ సెలెక్షన్స్‌కు రమ్మన్నారు. కానీ రోజూ సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీస్‌కు వచ్చేందుకు ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. ఆ సంగతి తెలిసి, అద్దె సైకిల్‌కు డబ్బులు తనే ఇచ్చారు రహీం. ఆ సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన కుర్రాడు 1956 ఒలింపిక్స్‌కు వెళ్లాడు. తర్వాత పీకే బెనర్జీ, చునీ గోస్వామితో కలిసి ఇండియా ఫుట్‌బాల్‌లో ముగ్గురు మొనగాళ్లలో ఒకడయ్యాడు. బలరాం 2023లో చనిపోయారు. చివరిదాకా రహీం పేరు తలవని ఇంటర్వ్యూ ఆయనకు దాదాపు లేదు.

సైకిల్ అద్దె పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అది అందక ఆగిపోయిన ప్లేయర్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అది కనిపెట్టిన సారు దొరకడమే అదృష్టం.

మెల్‌బోర్న్ 1956: ఆసియాకే మొదటిసారి

1956 ఒలింపిక్స్‌కు వెళ్లిన ఇండియా టీమ్‌లో హైదరాబాద్ ముద్ర గట్టిగా కనపడుతుంది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం.. వీళ్లంతా హైదరాబాద్ ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాళ్లే. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే.

మొదటి రౌండ్‌లో హంగరీ తప్పుకోవడంతో ఆడకుండానే ముందుకు వెళ్లారు. తర్వాత ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో మ్యాచ్. వాళ్ల ఊళ్లో, వాళ్ల జనం ముందు 4-2తో గెలిచారు. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ప్లేయర్ హ్యాట్రిక్ కొట్టడం అదే మొదలు. ఆసియా నుంచి ఒక టీమ్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు వెళ్లడం కూడా అదే మొదలు.

సెమీస్‌లో ఎదురైంది ఎవరో తెలుసా? అదే యుగోస్లావియా! నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన టీమ్. ఈసారి ముందు గోల్ కొట్టింది ఇండియానే. నెవిల్ మళ్లీ స్కోర్ చేశారు. కాసేపు స్టేడియం మొత్తం షాక్. కానీ యుగోస్లావియా తేరుకుని 4-1తో గెలిచింది. బ్రాంజ్ మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడిపోయాం. నాలుగో స్థానం.

ఆ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడిన టీమ్‌లు తక్కువే, నిజమే. అయినా 10-1 నుంచి 4-1కి వచ్చిన దూరం చిన్నదేం కాదు. నెవిల్ డిసౌజా నాలుగు గోల్స్‌తో ఆ టోర్నీ టాప్ స్కోరర్లలో ఒకరిగా నిలిచారు.

రోమ్ 1960: గెలవలేదు.. కానీ భయపెట్టారు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇండియా పడిన గ్రూప్ చూస్తేనే గుండె జారిపోతుంది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. కెప్టెన్ పీకే బెనర్జీ. హంగరీతో 2-1 తేడాతో ఓడారు. ఆ హంగరీ తర్వాత బ్రాంజ్ గెలిచింది. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో పీకే గోల్ కొట్టి ఇండియాను ముందు నిలబెట్టారు. చివర్లో ఫ్రాన్స్ సమం చేయడంతో 1-1 డ్రా. పెరూతో 3-1 ఓటమి. గ్రూప్ దాటలేదు. కానీ ఫ్రాన్స్‌ను గెలవకుండా ఆపిన టీమ్ అనే గౌరవం దక్కింది.

ఈ టీమ్‌లో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. ఒకే ఒలింపిక్స్ టీమ్‌లో తండ్రి కోచ్, కొడుకు ప్లేయర్ అన్నమాట.

అప్పటికి ఎవరికీ తెలియదు.. ఇండియా ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఆడటం అదే చివరిసారి అని. ఆ తర్వాత ఇప్పటిదాకా మన టీమ్ ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

జకార్తా 1962: లక్ష మంది ఒక వైపు.. పదకొండు మంది ఒక వైపు

రహీం జీవితంలో అసలు మ్యాచ్ ఇదే.

1962 ఏషియన్ గేమ్స్‌కు ఇండోనేషియా రాజధాని జకార్తా ఆతిథ్యం ఇచ్చింది. ఇజ్రాయెల్, తైవాన్ ప్లేయర్లను ఇండోనేషియా తమ దేశంలోకి రానివ్వలేదు. ఏషియన్ గేమ్స్ మొదలుపెట్టిన పెద్దల్లో ఒకరైన మన గురుదత్ సోంధీ దీనికి అభ్యంతరం చెప్పారు. ఇద్దరిని బయటపెట్టి ఆడే ఆటలకు ఏషియన్ గేమ్స్ అనే పేరు ఉండకూడదన్నది ఆయన వాదన. అంతే.. జకార్తా జనం భగ్గుమన్నారు. ఇండియా ఎంబసీ మీద దాడి జరిగింది. మన టీమ్ ఎక్కడ ఆడినా అరుపులు, గేలి. తప్పు చేయని ప్లేయర్లు ఆ కోపమంతా మోయాల్సి వచ్చింది.

మొదటి మ్యాచ్‌లోనే దెబ్బ. సౌత్ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించారు కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0 గెలుపు. పీకే, బలరాం చెరో గోల్.

సెమీఫైనల్లో సౌత్ వియత్నాం. ఇప్పట్లా ఐదుగురిని మార్చుకునే సౌకర్యం లేదు. ఉన్నవాళ్లలో దెబ్బలు తగిలినవాళ్లే ఎక్కువ. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. ఆయన ప్లేస్‌లో ప్రద్యుత్ బర్మన్ దిగారు. ఇక్కడే రహీం ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టు ఉన్న జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. తలతో బాల్ కొట్టాల్సిన చోట తలకు గాయమైన మనిషి! కానీ జర్నైల్ ఎత్తు, బలం, మొండితనం రహీంకు బాగా తెలుసు. ఆ మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోల్, కెప్టెన్ చునీ గోస్వామి రెండు గోల్స్ కొట్టారు. 3-2తో ఇండియా ఫైనల్‌కు వెళ్లింది.

1962 సెప్టెంబర్ 4. సెనయాన్ స్టేడియం. దాదాపు లక్ష మంది జనం. ఎదురుగా మళ్లీ సౌత్ కొరియా, మొదటి మ్యాచ్‌లో ఓడించిన టీమ్. మన జాతీయ గీతం వినపడనంత గోల. స్టేడియంలో ఇండియాకు చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్థాన్ హాకీ ప్లేయర్లు కూడా ఉన్నారని మన ప్లేయర్లు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు.

ఆ ముందు రోజు రాత్రి రహీం ప్లేయర్లను కూర్చోబెట్టి మాట్లాడారు. తనకు ఒక కానుక కావాలని, రేపు గోల్డ్ మెడల్ తెచ్చి ఇవ్వాలని అడిగారు. అప్పటికే ఆయన ఒంట్లో జబ్బు పాకుతోంది. ఆ మాట వెనక ఎంత బరువుందో టీమ్‌లో చాలామందికి తర్వాత గానీ అర్థం కాలేదు.

మ్యాచ్ మొదలైంది. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. మూడు నిమిషాలు గడిచాయో లేదో, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్. స్టేడియంలో గోల ఒక్కసారిగా తగ్గింది. జ్వరం నుంచి లేచి వచ్చిన తంగరాజ్ గోల్ ముందు గోడలా నిలబడ్డారు. చివర్లో, 85వ నిమిషంలో కొరియా ఒక గోల్ కొట్టింది. మిగిలిన ఆ ఐదు నిమిషాలు మన వాళ్లకు ఐదు గంటల్లా గడిచాయి. ఫైనల్ విజిల్ మోగింది. 2-1. గోల్డ్ ఇండియాదే.

తనకు కావాల్సిన కానుక అందింది రహీంకు.

చివరి తొమ్మిది నెలలు

రహీంకు సిగరెట్ అలవాటు ఎక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను పట్టుకుంది. జకార్తా నుంచి వచ్చాక ఆరోగ్యం త్వరగా దిగజారింది. 1963 జూన్ 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 53. జకార్తా ఫైనల్ గడిచి అప్పటికి తొమ్మిది నెలలే.

అవార్డుల సంగతి చూద్దాం. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం చనిపోయి 22 ఏళ్లు. ఆయన దగ్గర ఆట నేర్చుకున్న హైదరాబాద్ ప్లేయర్ సయ్యద్ నయీముద్దీన్‌కు తర్వాత ఆ అవార్డు వచ్చింది. కొడుకు హకీం ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి, ఫిఫా రిఫరీగా, కోచ్‌గా పేరు తెచ్చుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021లో ఆయన కూడా చనిపోయారు.

రహీం తర్వాత ఏమైంది?

ఆయన వేసిన బాట కొన్నాళ్లు నడిచింది. 1964 ఏషియన్ కప్‌లో ఇండియా రన్నరప్. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియా బ్రాంజ్ గెలిచింది. ఆ టీమ్ కెప్టెన్ నయీముద్దీన్. హైదరాబాద్‌కే చెందిన మహమ్మద్ హబీబ్ కూడా ఆ టీమ్‌లో స్టార్. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన పురుషుల టీమ్‌కు ఆ తర్వాత మెడల్ రాలేదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు తగ్గిందన్నది పెద్ద ప్రశ్న. మంచి ప్లేయర్లంతా డబ్బు, పేరు ఉన్న కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. నయీం, హబీబ్ కూడా కలకత్తాలోనే పెద్ద స్టార్లయ్యారు. పోలీస్ లాంటి డిపార్ట్‌మెంట్ టీమ్‌ల జోరు తగ్గింది. 1983 వరల్డ్ కప్ తర్వాత క్రికెట్ మిగతా ఆటలన్నింటినీ కమ్మేసింది. అన్నింటికన్నా ముఖ్యం.. లీగ్ నడపడం దగ్గర్నుంచి పిల్లల టోర్నీ దాకా ఒక్కడే చూసుకున్న మనిషి పోయాక, ఆ పనులన్నీ పట్టించుకునే మరో మనిషి రాలేదు. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ టైటిల్ గెలిచినప్పుడు పాత అభిమానులు మళ్లీ రహీం సాబ్‌ను తలుచుకున్నారు.

మరి ఇంత పెద్దాయన మనకెందుకు తెలియదు?

దీనికి ఒక సింపుల్ కారణం ఉంది. వీడియో లేదు.

ఇండియాలో టీవీ 1959లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ వచ్చింది 1977లో. జకార్తా ఫైనల్ నాటికి తెలుగు నేల మీద ఏ ఇంట్లోనూ టీవీ లేదు. మ్యాచ్ సంగతి తెలియాలంటే రేడియో వార్తలు వినాలి, లేదంటే మర్నాడు పేపర్ వచ్చేదాకా ఆగాలి. మన కడపకైతే ఆకాశవాణి కేంద్రం వచ్చిందే 1963లో, అంటే రహీం చనిపోయిన ఏడాది. విజయవాడ, మద్రాస్, హైదరాబాద్ స్టేషన్లు అందితే విన్నట్టు, లేదంటే లేదు. కపిల్ దేవ్ కప్పు ఎత్తిన సీన్ ఫోన్‌లో ఎన్నిసార్లయినా చూడొచ్చు. జర్నైల్ సింగ్ తలకట్టుతో ఆడిన ఆ 20వ నిమిషం గోల్‌ను అలా చూసే వీలు లేదు. చూసినవాళ్లు చెబితే విన్నదే, రిపోర్టర్లు రాస్తే చదివిందే. ఆ తరం పోయేకొద్దీ ఆ జ్ఞాపకాలూ పోయాయి.

2024 ఏప్రిల్‌లో వచ్చిన హిందీ సినిమా మైదాన్‌తో రహీం పేరు మళ్లీ బయటికొచ్చింది. అజయ్ దేవగన్ రహీంగా, ప్రియమణి ఆయన భార్యగా నటించారు. అమిత్ శర్మ డైరెక్టర్, ఏఆర్ రెహమాన్ మ్యూజిక్. సినిమా కాబట్టి కొన్ని పాత్రలు, కొన్ని సీన్లు కల్పించారు. కానీ 10-1 ఓటమి, మెల్‌బోర్న్, జకార్తా.. ఇవన్నీ నిజంగా జరిగినవే. థియేటర్లలో పెద్దగా ఆడకపోయినా, ఓటీటీలో చూసిన చాలామంది కుర్రాళ్లు ఈ కోచ్ మన హైదరాబాదీ అని తెలిసి ఆశ్చర్యపోయారు.

రహీం సాబ్ కెరీర్.. ఒక్క చూపులో

1909: ఆగస్టు 17న హైదరాబాద్‌లో జననం

1950: హైదరాబాద్ సిటీ పోలీస్ కోచ్. అదే ఏడాది రోవర్స్ కప్, డ్యురాండ్ కప్

1950-54: వరసగా ఐదు రోవర్స్ కప్పులు

1951: ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్

1952: హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 ఓటమి

1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం

1956-57, 1957-58: హైదరాబాద్‌కు రెండు సంతోష్ ట్రోఫీలు

1960: రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా

1962: సెప్టెంబర్ 4న జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్

1963: జూన్ 11న మరణం

ఈ లిస్టులో ఉన్న రెండు గోల్డ్‌లకు మూడోది ఇప్పటిదాకా తోడు రాలేదు. ఆ మూడోది ఎప్పుడొస్తుందో చెప్పలేం గానీ, అది కూడా ఏదో ఒక ఊళ్లో, బాల్ పట్టుకుని పిల్లల వెంట పరిగెత్తే ఒక డ్రిల్లు సారు దగ్గరే మొదలు కావాలి.